రెండు దూర నగరాల మధ్య విమాన దూరం, ప్రయాణ సమయం: మీరే లెక్కగట్టడం ఎలా?

లండన్ నుంచి టోక్యోకు విమానంలో ఎంతసేపు పడుతుంది? 2022 ఆరంభం వరకు ఈ ప్రశ్నకు జవాబు 12 గంటల లోపు. ఆ తర్వాత అది దాదాపు 14 గంటలైంది. నగరాలు కదలలేదు, విమానాల వేగం తగ్గలేదు, రెండింటి మధ్య దూరం కిలోమీటరైనా పెరగలేదు. మారింది దారి ఒక్కటే.

అందుకే దూరం, సమయం అనేవి ఒకే ప్రశ్నకు రెండు జవాబులు కావు, రెండు వేర్వేరు ప్రశ్నలు. దూరం భూగోళం మీద స్థిరంగా ఉండే సంఖ్య, ఒకసారి లెక్కగడితే చాలు. సమయం అలా కాదు. దారిని బట్టి, గాలిని బట్టి, వెళ్లే దిక్కును బట్టి మారుతుంది. దానికి ఒక సంఖ్య కాకుండా ఇంత నుంచి ఇంత వరకు అనే హద్దులు ఉంటాయి. అక్కడి గడియారం ఎంత చూపిస్తుందనేది ఇక మూడో ప్రశ్న. ఈ మూడింటినీ విడివిడిగా చేసుకుంటే లెక్క తప్పదు. కలిపేస్తేనే చిక్కు. కావలసినవి ఒక కాలిక్యులేటర్, ఒక కాగితం, కాస్త తీరిక. గ్లోబు కూడా ఉంటే మరీ మంచిది.

ముందు రెండు కొసలూ తేల్చుకోండి

విమానం నగరంలో దిగదు, విమానాశ్రయంలో దిగుతుంది. లండన్‌కు హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్ అంటూ అరడజను దాకా విమానాశ్రయాలున్నాయి. టోక్యోకు హనేడా, నారిటా అని రెండు. ఈ రెండింటి మధ్యే నేరుగా కొలిస్తే 60 కిలోమీటర్లుంటుంది. ఆకాశంలో 60 కిలోమీటర్లంటే నాలుగు నిమిషాలు, నేల మీద అయితే గంటకు పైమాటే. కాబట్టి నగరం పేరుతో ఆగకుండా, టికెట్ మీద ఉండే మూడక్షరాల విమానాశ్రయం కోడ్ కూడా రాసుకోండి. హీత్రోకు ఎల్‌హెచ్‌ఆర్, హనేడాకు హెచ్‌ఎన్‌డీ, నారిటాకు ఎన్‌ఆర్‌టీ.

పేర్ల విషయంలో ఇంకో జాగ్రత్త. సిడ్నీ అనగానే ఆస్ట్రేలియా గుర్తొస్తుంది కానీ కెనడాలోని నోవా స్కోషియాలో కూడా ఒక సిడ్నీ ఉంది, దానికీ విమానాశ్రయం ఉంది. పొరపాటున అక్కడ దిగినవాళ్లూ ఉన్నారు. శాన్ హొసే కాలిఫోర్నియాలో ఒకటి, కోస్టారికాలో ఒకటి. దూరం చూపించే వెబ్‌సైట్‌లో నగరం పేరు టైపు చేసేటప్పుడు అది ఏ దేశాన్ని ఎంచుకుందో ఒకసారి చూడండి.

తర్వాత ఆ రెండు విమానాశ్రయాల అక్షాంశం, రేఖాంశం కావాలి. ఏ మ్యాప్‌లోనైనా విమానాశ్రయం మీద నొక్కితే దశాంశాల్లో కనిపిస్తాయి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న అక్షాంశం ధనాత్మకం, దక్షిణాన ఉన్నది రుణాత్మకం. రేఖాంశంలో తూర్పు ధనాత్మకం, పడమర రుణాత్మకం. దూరం లెక్కల్లో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రుణ గుర్తు మరిచిపోవడం వల్లే వస్తాయి. మన ఉదాహరణకు కావలసినవి ఇవి:

హీత్రో: అక్షాంశం 51.47, రేఖాంశం −0.46
హనేడా: అక్షాంశం 35.55, రేఖాంశం 139.78

గోడ మీది మ్యాప్‌ను పక్కన పెట్టండి

మనకు బాగా అలవాటైన చదును ప్రపంచపటం గెరార్డస్ మెర్కేటర్ 1569లో గీసిన పద్ధతి నుంచి వచ్చింది. ఓడలు దిక్సూచి పట్టుకుని ఒకే దిశలో సాగడానికి అది గొప్ప సాధనం. దూరం కొలవడానికి మాత్రం పనికిరాదు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అది నేలను సాగదీస్తుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక్కో రేఖాంశ డిగ్రీ వెడల్పు భూమధ్యరేఖ దగ్గర ఉండేదానిలో సరిగ్గా సగం. మ్యాప్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

దీని ప్రభావం ఎంతో ఒక చిన్న లెక్కలో చూడవచ్చు. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, భూగోళానికి ఆ పక్కన ఒకటి, ఈ పక్కన ఒకటి, రెండు చోట్లు ఊహించుకోండి. మ్యాప్ మీద వాటి మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే అది అడ్డంగా, ఆ అక్షాంశం వెంబడే వెళుతుంది. ఆ దారి పొడవు సుమారు 10,000 కిలోమీటర్లు. అదే ఉత్తర ధ్రువం మీదుగా వెళితే 30 డిగ్రీలు ఎక్కి, 30 డిగ్రీలు దిగితే చాలు. సుమారు 6,670 కిలోమీటర్లు. వంకరగా కనిపించేదే దగ్గరి దారి.

గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారిని మహావృత్త మార్గం అంటారు. గోళం కేంద్రం గుండా కత్తితో కోస్తే ఉపరితలం మీద పడే గీతలో ఒక ముక్క అది.

దీన్ని కళ్లారా చూడాలంటే గ్లోబు, దారం తీసుకోండి. దారం ఒక కొసను లండన్ మీద వేలితో అదిమి పట్టి, రెండో కొసను టోక్యో దాకా బిగుతుగా లాగండి. దారం తనంతట తానే ఉత్తరానికి జరుగుతుంది. స్కాండినేవియా దాటి, ఆర్కిటిక్ వలయంలోకి ఎక్కి, సైబీరియా ఉత్తర అంచు మీదుగా కిందికి వాలుతుంది. లండన్ 52 డిగ్రీల లోపు, టోక్యో 36 డిగ్రీల లోపు ఉన్నాయి. దారం మాత్రం 71 డిగ్రీల దాకా పోతుంది. మొదటిసారి చూసినప్పుడు నమ్మబుద్ధి కాదు. దారాన్ని పక్కకు జరిపి మ్యాప్ మీది గీతలా పెట్టి చూడండి, పొడవు చాలదు. నా మటుకు నాకు ఎన్ని సూత్రాలు చదివినా ఎక్కని సంగతి ఆ దారం చేతిలో బిగిసినప్పుడే ఎక్కింది. ఇంట్లో పిల్లలుంటే ఈ పని వాళ్ల చేత చేయించండి.

ఇప్పుడు ఆ దారాన్ని స్కేలు మీద కొలవండి. 30 సెంటీమీటర్ల వ్యాసం గల గ్లోబు మీద అది సుమారు 22.5 సెంటీమీటర్లు ఉంటుంది. అదే గ్లోబు భూమధ్యరేఖ చుట్టూ దారం చుడితే సుమారు 94 సెంటీమీటర్లు. అసలు భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లని పెట్టుకోండి. 22.5ను 94తో భాగించి 40,000తో గుణిస్తే 9,570 కిలోమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. దారంతో చేసిన ఈ లెక్క కాలిక్యులేటర్ చెప్పేదానికి ఎంత దగ్గరగా ఉందో ఇప్పుడు చూద్దాం.

కాలిక్యులేటర్‌తో దూరం

సైన్, కొసైన్ బటన్లున్న కాలిక్యులేటర్ చాలు. ఫోనును అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో అదే వస్తుంది. ముందుగా అది డిగ్రీల్లో ఉందో లేదో చూడండి. రేడియన్లలో ఉంటే జవాబు అడ్డదిడ్డంగా వస్తుంది. సరిచూడడానికి కొసైన్ 60 కొట్టండి. 0.5 వస్తే సరైన పద్ధతిలో ఉన్నట్టు.

సూత్రం ఇది. మొదటి అక్షాంశాన్ని అ1, రెండోదాన్ని అ2 అనుకుందాం.

కొసైన్(కోణం) = సైన్(అ1) × సైన్(అ2) + కొసైన్(అ1) × కొసైన్(అ2) × కొసైన్(రేఖాంశాల తేడా)

మన ఉదాహరణలో రేఖాంశాల తేడా 139.78 − (−0.46), అంటే 140.24. రుణ గుర్తు మరిచిపోతే ఇక్కడే తప్పు దొర్లుతుంది. ఇక ఒక్కొక్కటిగా:

సైన్ 51.47 × సైన్ 35.55 = 0.7823 × 0.5814 = 0.4548
కొసైన్ 51.47 × కొసైన్ 35.55 = 0.6229 × 0.8136 = 0.5068
కొసైన్ 140.24 = −0.7687
0.5068 × −0.7687 = −0.3896
మొత్తం: 0.4548 − 0.3896 = 0.0652

ఈ 0.0652కు విలోమ కొసైన్ తీయండి. 86.26 డిగ్రీలు వస్తుంది. భూమి కేంద్రం నుంచి చూస్తే రెండు విమానాశ్రయాల మధ్య ఉండే కోణం అది. ఒక్కో డిగ్రీకి ఉపరితలం మీద 111.19 కిలోమీటర్లు. గుణిస్తే సుమారు 9,590 కిలోమీటర్లు. దారం చెప్పినదానికీ దీనికీ తేడా 20 కిలోమీటర్లే.

రేఖాంశాల తేడా 180 దాటినా కంగారు పడనక్కరలేదు. టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్‌కు లెక్క కడితే 258 డిగ్రీలు వస్తుంది. అది అవతలి వైపు నుంచి కొలిచిన తేడా. కొసైన్ విలువ రెండు వైపులా ఒకటే కాబట్టి సూత్రం దాన్ని సర్దుకుంటుంది.

భూమి నిఖార్సైన గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. మనం 6,371 అనే సగటుతో లెక్క చేశాం. దీనివల్ల వచ్చే తేడా అర శాతం మించదు. 9,590 కిలోమీటర్లకు అది ఎక్కువలో ఎక్కువ 50 కిలోమీటర్లు, విమానానికి మూడు నాలుగు నిమిషాలు. ఇంకా కచ్చితంగా కావాలంటే 1975లో భూమి కొలతల నిపుణుడు విన్సెంటీ ఇచ్చిన పద్ధతి ఉంది. ప్రయాణికుడికి అంత అవసరం లేదు.

ఇంత లెక్క వద్దనుకుంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే వెబ్‌సైట్‌లో రెండు కోడ్‌లు ఇస్తే దూరంతో పాటు గీత కూడా చూపిస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో దూరం కొలిచే సాధనం కూడా మహావృత్తాన్నే కొలుస్తుంది. అయినా ఒక్కసారి చేత్తో చేసి చూడమని నా సలహా. ఆ తర్వాత ఏ సైటు తప్పు చెప్పినా మీ కంటికి ఇట్టే కనిపిస్తుంది. ఒక గుర్తు పెట్టుకోండి: భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యా దగ్గరి దారి సుమారు 20,000 కిలోమీటర్లు మించదు. అంతకన్నా ఎక్కువ కనిపిస్తే ఆ లెక్క రోడ్డుదో, మధ్యలో ఆగుతూ వెళ్లేదో అయి ఉంటుంది.

కొలమానాలు కూడా చూసుకోండి. విమానయానంలో వాడేది నాటికల్ మైలు, సరిగ్గా 1,852 మీటర్లు. మామూలు మైలు 1,609 మీటర్లు. కేవలం ‘మైళ్లు’ అని ఉంటే రెండింటిలో ఏదో తేల్చుకోనిదే కిలోమీటర్లలోకి మార్చకండి.

విమానం ఆ గీత మీదే వెళుతుందా?

వెళ్లదు. దగ్గరగా వెళుతుంది, అప్పుడప్పుడు చాలా దూరంగానూ వెళుతుంది.

మొదటి కారణం గగనతలం. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఐరోపా దేశాలు రష్యా విమానాలకు తమ ఆకాశాన్ని మూసేశాయి. రష్యా కూడా వాటి విమానాలకు తన ఆకాశాన్ని మూసింది. మన దారం సైబీరియా మీదుగా వెళ్లింది కదా, ఆ దారి పోయింది. అప్పటి నుంచి లండన్–టోక్యో విమానాలు కొన్ని దక్షిణంగా కాకసస్, మధ్య ఆసియా, చైనాల మీదుగా వెళుతున్నాయి. కొన్ని పసిఫిక్ ఉత్తర భాగం, అలాస్కా, గ్రీన్‌లాండ్ వైపు నుంచి తిరిగి వస్తున్నాయి. హెల్సింకి–టోక్యో పరిస్థితి ఇంకా కష్టం. తొమ్మిదిన్నర గంటల ప్రయాణం 13 గంటలకు చేరింది. చైనా విమాన సంస్థలు మాత్రం రష్యా మీదుగా వెళ్లడం మానలేదు. కాబట్టి ఐరోపా–చైనా మధ్య అవే రెండు నగరాలకు సంస్థను బట్టి గంట, రెండు గంటల తేడా కనిపిస్తుంది. టికెట్ ఎంచుకునేటప్పుడు ఇది చూసుకోవలసిన విషయం.

ఇది కొత్త కథ కూడా కాదు. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో సోవియట్ ఆకాశం మూసి ఉన్నప్పుడు, 1957లో స్కాండినేవియా సంస్థ ఎస్‌ఏఎస్ కోపెన్‌హాగన్ నుంచి టోక్యోకు ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా, అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగుతూ సర్వీసు మొదలుపెట్టింది.

రెండో కారణం ఇంజన్లు. రెండింజన్ల విమానం ఒక ఇంజన్ ఆగిపోయినా దిగగలిగే విమానాశ్రయానికి ఇన్ని నిమిషాల లోపు దూరంలోనే ఉండాలనే నియమం ఉంది. విమానం రకాన్ని, సంస్థకున్న అనుమతిని బట్టి అది 120, 180 నిమిషాలు, ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. ఎయిర్‌బస్ ఎ350 రకానికి 370 నిమిషాల దాకా ఆమోదం ఉంది. సిడ్నీ–శాంటియాగో లాంటి దక్షిణ మహాసముద్రం మీది మార్గాల్లో ఈ నియమం దారిని నిర్ణయిస్తుంది. నగరాలతో నిండిన భూభాగం మీద దీని గురించి ఆలోచించనక్కరలేదు.

మూడోది గాలి. దాని సంగతి సమయంతో కలిపి చెప్పాలి.

గంటల లెక్క

దూర ప్రయాణాలు చేసే బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 లాంటివి ధ్వని వేగంలో 85 శాతంతో ఎగురుతాయి. 11 కిలోమీటర్ల ఎత్తున చలి దాదాపు మైనస్ 56 డిగ్రీలుంటుంది. అక్కడ ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కిలోమీటర్లు. అందులో 85 శాతం అంటే 900. ఈ 900ను గుర్తుపెట్టుకోండి. మధ్యశ్రేణి దూరాలకు వాడే ఎ320, 737లకైతే 830 వేసుకోవాలి.

నేను వాడే లెక్క ఇది: దూరాన్ని 900తో భాగించి, ఒక గంట కలపండి.

ఆ గంట ఎందుకంటే, పైకెక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ విమానం అంత వేగంతో వెళ్లదు, దానికి అరగంట. గేటు నుంచి కదిలి రన్‌వే దాకా పాకడానికి, దిగాక మళ్లీ గేటు చేరడానికి మరో అరగంట. టికెట్ మీద ఉండేది గేటు నుంచి గేటుకు పట్టే సమయం. గాలిలో ఉండే సమయం దానికన్నా తక్కువ. రెండు వెబ్‌సైట్లు రెండు రకాలుగా చెబుతుంటే చాలాసార్లు కారణం ఇదే. ఒకటి గాలిలో ఉండే సమయం చెబుతోంది, రెండోది గేటు సమయం.

లండన్–టోక్యో 9,590 కిలోమీటర్లకు ఈ లెక్క 11 గంటల 39 నిమిషాలు ఇస్తుంది. సైబీరియా దారి తెరిచి ఉన్నప్పుడు పట్టిన సమయం దాదాపు అదే. లండన్–జొహానెస్‌బర్గ్ 9,070 కిలోమీటర్లు, లెక్క ప్రకారం 11 గంటల 5 నిమిషాలు. ఆ విమానాలు నిజంగానే 11 గంటలకు అటూ ఇటూగా తీసుకుంటాయి.

తూర్పు–పడమరల మధ్య వెళ్లేటప్పుడు మాత్రం ఇంకో మెట్టు ఉంది. 30 నుంచి 60 డిగ్రీల అక్షాంశాల మధ్య, విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఉంటుంది. చలికాలంలో అది ఇంకా బలంగా వీస్తుంది. పడవకు ఏరు ఎలాగో విమానానికి గాలి అలాగే. వాలున పోతే ఏటి వేగం కలిసొస్తుంది, ఎదురీదితే తగ్గుతుంది. 2020 ఫిబ్రవరిలో కియారా తుఫాను వీస్తున్నప్పుడు ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేలతో పోలిస్తే దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా అది ధ్వని వేగాన్ని మించలేదు. తన చుట్టూ ఉన్న గాలిలో అది ఎప్పటి వేగంతోనే వెళ్లింది, గాలే దాన్ని మోసుకుపోయింది.

మామూలు రోజుల కోసం గాలి వేగం 100 కిలోమీటర్లని పెట్టుకోండి. తూర్పుకు వెళ్లేటప్పుడు 900 బదులు 1,000తో, పడమరకు వెళ్లేటప్పుడు 800తో భాగించండి. న్యూయార్క్–లండన్ 5,540 కిలోమీటర్లు. తూర్పుకు 5 గంటల 32 నిమిషాలకు గంట కలిపితే 6 గంటల 32 నిమిషాలు. పడమరకు 6 గంటల 56 నిమిషాలకు గంట కలిపితే 7 గంటల 56 నిమిషాలు. అవే రెండు నగరాలు, అదే దూరం, దాదాపు గంటన్నర తేడా. పోను రాను సమానమనుకుని తిరుగు ప్రయాణానికి కనెక్టింగ్ బస్సో రైలో బుక్ చేసుకున్నవాళ్లు చిక్కుల్లో పడేది ఇక్కడే.

అట్లాంటిక్ మీద ఈ గాలిని బట్టి రోజూ కొత్త దారులు గీస్తారు. తూర్పుకు వెళ్లేవాటిని కెనడాలోని గాండర్ విమాన నియంత్రణ కేంద్రం, పడమరకు వెళ్లేవాటిని బ్రిటన్, ఐర్లాండ్‌ల షాన్విక్ కేంద్రం నిర్ణయిస్తాయి. నిన్న ఐస్‌లాండ్ దగ్గరగా వెళ్లిన విమానం నేడు దానికి వందల కిలోమీటర్లు దక్షిణంగా వెళ్లవచ్చు. దారి పొడవైనా గాలి తోడుంటే ముందే చేరుతుంది. దూరానికీ సమయానికీ ముడి పెట్టకూడదని మొదట్లో అన్నది ఇందుకే.

ఉత్తర–దక్షిణ ప్రయాణాలకు ఈ సవరణ అక్కరలేదు. 900తోనే భాగించండి.

అతి దూరపు ప్రయాణాలకు లెక్క కాస్త తక్కువ చూపిస్తుంది. సింగపూర్–న్యూయార్క్ 15,350 కిలోమీటర్లకు 18 గంటలు వస్తుంది, టైమ్‌టేబుల్‌లో ఉండేది పద్దెనిమిదిన్నరకు పైనే. అంత దూరం వెళ్లే విమానం నేరుగా కాకుండా అనువైన గాలి ఉన్న దారిలో వెళుతుంది. ఆలస్యాలకు విమాన సంస్థ కొంత అదనపు సమయం కూడా కలిపే ఉంచుతుంది.

మీ లెక్క అయ్యాక ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి చోట ఆ విమానం నంబరు కొట్టి, గత వారం పది రోజుల్లో అది నిజంగా ఎప్పుడు బయలుదేరి ఎప్పుడు చేరిందో చూడండి. అన్నిటికన్నా తక్కువ, అన్నిటికన్నా ఎక్కువ రాసుకోండి. మీ ప్రయాణ సమయం ఆ రెండింటి మధ్య ఉంటుంది. నడిచిన దారి కూడా అక్కడే కనిపిస్తుంది. మీ అంచనాకూ నిజానికీ గంటకు మించి తేడా ఉంటే ఏదో మూసిన ఆకాశాన్ని చుట్టి వస్తోందని అర్థం.

గడియారం, తేదీ

టికెట్ మీద రాసే సమయాలన్నీ ఆయా ఊళ్ల సమయాలే. బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. చలికాలంలో టోక్యోలో ఉదయం 9:00కు బయలుదేరి లండన్‌లో అదే రోజు మధ్యాహ్నం 2:30కు చేరే టికెట్ చూస్తే అయిదున్నర గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. నిజానికి అది పద్నాలుగున్నర గంటలు.

తప్పకుండా ఉండాలంటే రెండు సమయాలనూ యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలోకి మార్చండి. జులైలో ఒక విమానం లండన్‌లో ఉదయం 9:30కు బయలుదేరుతుంది అనుకోండి. అప్పుడు అక్కడ వేసవి సమయం, యూటీసీకి గంట ముందు. అంటే యూటీసీలో 8:30. ప్రయాణం 14 గంటలు, చేరేది యూటీసీలో రాత్రి 10:30. టోక్యో యూటీసీకి 9 గంటలు ముందు. కాబట్టి అక్కడ మర్నాడు ఉదయం 7:30. అదే విమానం జనవరిలో అదే సమయానికి బయలుదేరితే టోక్యోలో 8:30 అవుతుంది, ఎందుకంటే లండన్ గడియారం వెనక్కి జరిగింది, టోక్యోది ఏడాదంతా మారదు.

వేసవి సమయం పాటించే దేశాలు కూడా ఒకే రోజున గడియారం మార్చవు. అమెరికా మార్చి రెండో ఆదివారం ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తుంది. ఐరోపా మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారుస్తుంది. అందుకే న్యూయార్క్, లండన్‌ల మధ్య ఏడాదంతా 5 గంటల తేడా ఉన్నా, మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబరు చివర ఒక వారం 4 గంటలే ఉంటుంది. దక్షిణార్ధగోళంలో వేసవి తలకిందులు కాబట్టి సిడ్నీ–లండన్ తేడా కాలాన్ని బట్టి 9, 10, 11 గంటల మధ్య తిరుగుతుంది. ఈ రోజు తేడా చూసి ఆరు నెలల తర్వాతి ప్రయాణానికి వాడకండి. ప్రయాణం చేసే తేదీన ఎంత తేడానో చూడండి.

పసిఫిక్ దాటేటప్పుడు అంతర్జాతీయ దినరేఖ వస్తుంది. చలికాలంలో టోక్యోలో సాయంత్రం 5:00కు బయలుదేరి 10 గంటలు ప్రయాణిస్తే లాస్ ఏంజెలెస్‌లో అదే తేదీ ఉదయం 10:00. బయలుదేరినదానికన్నా ముందే చేరినట్టు కనిపిస్తుంది, అందులో తప్పేమీ లేదు. తిరుగు ప్రయాణంలో ఆ రోజు తిరిగి పోతుంది. టికెట్ మీద చేరే సమయం పక్కన +1 అని ఉంటే మర్నాడని, +2 అని ఉంటే ఆ తర్వాతి రోజని అర్థం.

అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 15వ తేదీ 00:20 అని ఉంటే విమానాశ్రయానికి వెళ్లవలసింది 14వ తేదీ రాత్రి. మా మేనమామ 15వ తేదీ రాత్రి పెట్టెలన్నీ సర్దుకుని వెళ్లారు. విమానం వెళ్లిపోయి అప్పటికి దాదాపు ఒక రోజైంది. కౌంటరు ముందు ఆయన టికెట్‌ను మళ్లీ మళ్లీ చదువుకుంటూ నిలబడిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరి టికెట్ వచ్చినా, అర్ధరాత్రి విమానమైతే తేదీ పక్కన ‘ముందురోజు రాత్రి’ అని ఎర్ర కలంతో రాస్తాను.

మధ్యలో మారవలసి వస్తే

నాన్‌స్టాప్, డైరెక్ట్ అనే మాటలు ఒకటి కావు. నాన్‌స్టాప్ ఎక్కడా ఆగదు. డైరెక్ట్ అంటే విమానం నంబరు మారదని మాత్రమే, దారిలో ఒకచోట దిగి మళ్లీ ఎగరవచ్చు. బుక్ చేసేముందు ‘స్టాపులు’ అనే చోట సున్నా ఉందో లేదో చూడండి.

కనెక్టింగ్ ప్రయాణానికి ఒక్కో ముక్కనూ విడిగా లెక్కగట్టండి. లండన్ నుంచి దుబాయ్ 5,500 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి టోక్యో 7,930. కలిపితే 13,430, అంటే నేరుగా కొలిచినదానికన్నా 40 శాతం ఎక్కువ. పైన చెప్పిన ఒక గంట ఇప్పుడు రెండుసార్లు కలపాలి. గాలి సంగతి పక్కన పెడితే దాదాపు 17 గంటలు. ఆపైన దుబాయ్‌లో వేచి ఉండే సమయం. రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో ఉంటే మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతి దారి చూపే బాధ్యత సంస్థదే. విడివిడిగా కొన్నవైతే ఆ బాధ్యత మీదే. సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి, వీసా అవసరం కూడా పడవచ్చు. అలాంటప్పుడు మధ్యలో నాలుగు గంటలకు తక్కువ పెట్టుకోవద్దు.

అవతల ఎవరైనా మిమ్మల్ని తీసుకెళ్లడానికి వస్తుంటే, లెక్కంతా అయ్యాక వాళ్లకు విమానం నంబరు, విమానాశ్రయం పేరు, చేరే తేదీ, వారం, సమయం రాసి పంపండి. ‘టోక్యో, హనేడా, జులై 15 బుధవారం ఉదయం 7:30, మీ గడియారం ప్రకారం’ అని. ఆ చివరి మూడు మాటలు తప్పకుండా రాయండి. దిగాక ఇమ్మిగ్రేషన్‌కు, సామానుకు మరో గంట పడుతుందని కూడా చెప్పండి.